చదువునకు కొలబద్ద

నేను మూడవ తరగతి చదువుచున్న కాలమున, పరీక్షాధికారిగారు మా ఊరి పాఠశాలకు వచ్చు దినము మాకు ముందుగానే తెలియుచుండెడిది. వారము దినములు ముందునుండియే గోడలకు సున్నము, గుమ్మములకు మామిడాకులు, మా పలకలకు బొగ్గుతోడను ఆకుపసరుతోడను నలుపు. ఒకయేడు ఆ ముందటి సాయంకాలమున మా పంతులుగారు ఒక బాలుని చేర బిలిచి, "ఒరే అబ్బాయీ, రేపు నీవు బడికి రానక్కరలేదు. గేదెను తోలుకొని పొమ్ము" అని చెప్పిరి. వాడు నా ప్రక్కను కూర్చుండువాడు. మూడేండ్లనుండి బడికి వచ్చుచున్నను వానికి గుణింతములు పట్టువడలేదు. అడుగకయే సెలవు దొరికినందులకు వాడు గంతులు వేసెను. నేను అసూయపడితిని కూడ. మరునాడు అధికారిగారు వచ్చి, మాలో నలుగురిచేత చదివించి, పుస్తకమున రెండు మాటలు వ్రాసి, మజ్జిగ పుచ్చుకొని వెళ్ళిరి. మా బడిలో చదువురాని పిల్లవాడు ఒక్కడును లేడని ఆ దినమున కాగితముమీద తేలియుండును.

ఆ పంతులుగారిని నేను దూషింపను. నాకు అక్షరములు దిద్దించిన చేయి వారిదే. ఆ పిల్లవానివలన వారి జీతమునకు లోటు లేదు. అయినను బడికి ఒక పేరున్నది, ఆ పేరునకు ఒక మాట రాగలదు. అంతమాత్రమునకే ఆ పని చేసిరి. కాని నేటి పాఠశాలలలో పిల్లల చదువును ఏడాది మొదట ఒకమారు, నడుమ ఒకటి రెండుమారులు, తుదిని ఒకమారు కొలువవలెనని వినునప్పుడెల్ల నాకు ఆ పిల్లవాడు జ్ఞప్తికి వచ్చును. కొలుచువారు కొలుతురు గాని, కొలతకు అందవలసినవాడు ఆ దినమున చెరువుగట్టున నుండిన లాభమేమి? శ్రోతలారా, ఈ ప్రశ్నకు చరిత్రలో రెండువందల ఏండ్ల కథ యున్నది. అందు కొంత మన బళ్ళారిలో జరిగినది, కొంత ఆంగ్లదేశమున జరిగినది, కొంత నిన్నమొన్న మన తెలుగు జిల్లాలలో జరిగినది.

ముందుగా ఒక మాట. ఇట్టి పరీక్షలను బెంచిమార్కు పరీక్షలందురు. ఆ మాట బడిలో పుట్టినది కాదు. భూమి సర్వే చేయువారు రాతిమీదనో, వంతెన గోడమీదనో ఒక గీత చెక్కుదురు. ఆ చోటి ఎత్తు ఇంత యని ఒకమారు నిర్ణయించి, తక్కిన చోట్ల మిట్టపల్లములను దానినుండి లెక్కించుకొందురు. పాత కట్టడములమీద జి. టి. ఎస్. అను అక్షరములతో అట్టి గుర్తులు నేటికిని అక్కడక్కడ కనబడును. ఆ గీత ఎవరును ఎగిరి అందుకొనవలసిన గురి కాదు. అక్కడనుండి ఇక్కడికి ఎంత యని చెప్పుటకు పెట్టుకొన్న ఆధారము. ఈ తేడాను శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. రాబోవు కథయంతయు దీనిమీదనే నడచును.

1822 వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాష్ట్రమునందలి కలెక్టరుల కందరకు ఒక ఉత్తరువు పంపెను. మీ జిల్లాలో ఎన్ని బడులున్నవి, ఎందరు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు, లెక్క వ్రాసి పంపుడని దాని సారము. ఈ మన్రో అంతకుముందు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండినవాడు. ఆ సీమవారు తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నంతగా జనాదరణ పొందినవాడు. కలెక్టరులు పంపిన లెక్కలను కూడి 1826 లో ఆయన తేల్చిన దేమనగా, 1,28,50,941 జనసంఖ్యగల రాష్ట్రమున 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అనగా సుమారు వేయిమందికి ఒక బడి.

ఆ నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 లో వ్రాసినది మిక్కిలి ప్రసిద్ధము. ఈయన తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన కాంబెలే. తక్కినవారిలో పలువురు అంకెలు పంపి ఊరకుండగా ఈయన బడిలోనికి తొంగిచూచెను. తన జిల్లాలో 533 బడులనియు, అందు 226 తెలుగు బడులనియు, 235 కన్నడపు బడులనియు చెప్పి, అచ్చట దినమెట్లు గడచునో వర్ణించెను. ఉదయమున మొట్టమొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేత సున్న చుట్టుదురు. మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి బెత్తపు దెబ్బ ఒకటి, నాలుగవవానికి రెండు. తరువాత వచ్చినవాని సంగతి శ్రోతలే ఊహించుకొనగలరు.

నన్ను ఆకర్షించునది ఈ బెత్తపు వరుస కాదు. కాంబెల్ మరియొక సంగతి చెప్పెను. బడిలో సాధారణముగా నాలుగు జట్లుండును. క్రింది జట్లకు పెద్దపిల్లలు చెప్పుదురు, పై జట్టుకు అయ్యవారు చెప్పుదురు, చెప్పుచునే బడియంతటిమీద ఒక కన్ను వేసియుందురు. బాలుడు తన శక్తిని బట్టి, తన అభివృద్ధిని బట్టి ఒక జట్టునుండి పై జట్టునకు పోవును. ఈ మాటను తేలికగా దాటిపోరాదు. వయస్సును బట్టి కాదు, సంవత్సరము మారినదని కాదు. ఓనమాలు వచ్చినవాడు గుణింతములకు పోవును, రానివాడు ఇసుకలో మరల దిద్దును. ఏటేట జరుగు పరీక్ష అచ్చట లేదు. ఉండ నక్కరయు లేదు, ఏలయనగా పాఠము ఒప్పజెప్పు ప్రతిదినమును పరీక్షయే. కొలిచినవాడును చెప్పువాడును ఒక్కడే యగుటచేత, కొలతవలన తెలిసిన సంగతి ఆ క్షణముననే పనికి వచ్చుచుండెను.

అట్లని వీధిబడిని బంగారు బడిగా చిత్రించుట న్యాయము కాదు. ఆ కాంబెలే, బాలురు పద్యములు కోకొల్లలుగా అప్పజెప్పుదురు గాని వాని అర్థము చిలుకకు తెలిసినంతకంటె నెక్కువ వారికి తెలియదని నిర్మొహమాటముగా వ్రాసెను. బాలికలును, కడజాతులని త్రోసివేయబడినవారి బిడ్డలును ఆ అరుగులకు చేరుట మిక్కిలి అరుదనుటయే నిజము. నేను ఎత్తిచూపునది ఒక్క సుగుణమును మాత్రమే. అయ్యవారికి ఏ బాలుడు ఎచ్చట ఆగియున్నాడో తెలియును.

ఇక సముద్రము దాటుదము. ఎందుకనగా మన బడుల తరువాతి కథ అచ్చటనే వ్రాయబడినది. ఆంగ్లదేశమున పేదపిల్లల బడులకు ప్రభుత్వమిచ్చు ధనము ఏటేట పెరుగుచుండగా, దాని ఫలమేమో విచారించుటకు 1858 లో న్యూకాసిల్ ప్రభువు అధ్యక్షుడుగా ఒక సంఘము నియమితమయ్యెను. 1861 లో ఆ సంఘము చెప్పినదాని తాత్పర్యము, ఉపాధ్యాయులు పై తరగతుల పిల్లలను తీర్చిదిద్దుచు, అక్షరములు పట్టువడని చిన్నవారిని వదలివేయుచున్నారని. కావున ప్రతి బాలుని విడివిడిగా పరీక్షింపవలెనని సిఫారసు చేసిరి. శ్రోతలు గమనింపవలెను: కొలబద్ద చేతబట్టినది వెనుకబడిన పిల్లవానికొరకే. ఉద్దేశము ఎంత మంచిదో చూడుడు.

రాబర్టు లో అను మంత్రి 1862 లో ఆ మాటను చట్టమున దించెను. దానికి సవరించిన కోడు అని పేరు. ఆరు స్టాండర్డు లేర్పరచిరి. మొదటి స్టాండర్డు బాలుడు చిన్నచిన్న మాటల కథను చదువవలెను, చెప్పిన అక్షరములు పలకమీద వ్రాయవలెను, ఇరువదివరకు అంకెలు గుర్తించి, పదిలోపల కూడికలు తీసివేతలు నోటితో చెప్పవలెను. ఆరవ స్టాండర్డు బాలుడు వార్తాపత్రికలో ఒక పేరాను చదివి, మరియొకటి చెప్పగా వ్రాయవలెను. ఇంతవరకు ఆక్షేపణ లేదు. చిక్కంతయు డబ్బులో నున్నది. హాజరును బట్టి తలకు 4 షిల్లింగులు. పరీక్షను బట్టి మరి 8 షిల్లింగులు. చదువు, వ్రాత, లెక్క, ఈ మూటిలో ఒకటి తప్పిన 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఒకమారు ఒక స్టాండర్డులో నిలిపిన బాలుని మరుసటి యేడు మరల దానిలో నిలుపరాదు. వచ్చినను రాకున్నను పైదానిలో నిలుపవలెను.

ఈ కడపటి నియమమే నా దృష్టిలో ఘోరమైనది. బళ్ళారి అరుగుమీద రానివాడు మరల దిద్దెను. ఇచ్చట రానివాడు మరింత రానిచోటికి త్రోయబడెను. బాలుడు ఏడాది మొదట ఎచ్చట నుండెనో ఎవరును అడుగలేదు, ఎచ్చట నుండవలెనో మాత్రమే అడిగిరి.

ఖజానాకు లాభము వచ్చిన మాట నిజమే. 1861 లో 8 లక్షల పౌనులకు పైబడియుండిన వ్యయము 1865 నాటికి సుమారు 6 లక్షల 37 వేలకు దిగెను. బడులలో జరిగినది వేరు. పరీక్షకు నిర్ణయించిన పుస్తకమొక్కటే ఏడాది పొడుగున వల్లెవేయించిరి. భూగోళము, చరిత్ర డబ్బు తేని విషయములు గనుక మూలబడెను. పరీక్షదినమున రాని బాలుని తలకు పైకము రాదు గనుక జ్వరముతో నున్న పిల్లలను సయితము దుప్పట్లలో చుట్టి తెచ్చిరని ఆనాటివారు చెప్పుకొనిరి. మా పంతులుగారు రావలదని పంపిరి. వారు రాలేనివానిని మోసికొని తెచ్చిరి. రెండును ఒకే చెట్టు కాయలు.

ఆనాటి పరీక్షాధికారులలో మాథ్యూ ఆర్నాల్డు అను మహాకవి యొకడుండెను. 1851 మొదలు 1886 వరకు ముప్పదియైదేండ్లు బడులు తిరిగినవాడు. కోడు పుట్టిన 1862 లోనే దానిని విమర్శించుచు వ్యాసము ప్రకటించెను. చదువ వ్రాయ లెక్కింప రాకయే బాలుడు చదువు వ్రాత లెక్కల పరీక్షలో నెగ్గునట్లు చేయవచ్చునని తరువాత తన నివేదికలో వ్రాసెను. సుమారు నలుబదియైదేండ్లకు పూర్వము బళ్ళారిలో కాంబెల్ చూచిన చిలుక సముద్రము దాటి అచ్చట వాలినది! కాని ఒక భేదమున్నది. బళ్ళారి చిలుక వాడుకచేత పుట్టినది. ఆంగ్లదేశపు చిలుకకు ప్రభుత్వమే గింజలు వేసెను. 1890 నుండి ఈ పద్ధతిని సడలించుచు 1897 నాటికి అచ్చట పూర్తిగా విడిచిపెట్టిరి.

ఈలోపుగా అది మనకు వచ్చినది. చెన్నరాష్ట్రమున 1871 లో లోకల్ ఫండు చట్టము వచ్చిన తరువాత వీధిబడుల అయ్యవార్లకు ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి వ్యాపించెను. ఏ బాలుడు ఏ విషయమున నెగ్గెనో చూచి తలకు ఇంత యని లెక్క. 1882 నాటి హంటరు సంఘము కాలేజీలకు ఈ పద్ధతి కూడదనియు, దేశీయపు చిన్నబడులకు తగియున్నదనియు చెప్పినది. పెద్దల పిల్లలకు చేటైనది పేదల పిల్లలకు మేలెట్లగునో నాకు బోధపడదు. అంతవరకు అయ్యవారు తలిదండ్రులిచ్చు దమ్మిడీలమీదను, కొలుచు గింజలమీదను, దసరాకు పిల్లలు విల్లంబులతో ఇల్లిల్లు తిరిగి తెచ్చు కానుకలమీదను బ్రతికెను. ఇప్పుడు ఏటికొక దినమున వచ్చు అధికారి నోటిమాటమీద బ్రతుకవలసివచ్చెను. గ్రాంటు రాని యేడు ఆ ఇంటి పొయ్యి సంగతి ఆలోచింపుడు. అట్టి అయ్యవారికి మందమతియైన శిష్యుడు జాలి పడదగిన బిడ్డగా కనబడునా, తన కంచములో రాయిగా కనబడునా? 1904 లో భారతప్రభుత్వపు విద్యాతీర్మానము ఈ పద్ధతిని ఖండించినది. తరువాత కొద్ది యేండ్లలోనే మనకును అది తప్పినది. అలవాటు మాత్రము తప్పలేదని మా పంతులుగారే సాక్ష్యము.

ఇరువదవ శతాబ్దపు కథను త్వరగా దాటెదను. 1905 లో పారిసు నగరమున ఆల్ఫ్రెడు బినే, ప్రత్యేక సహాయము కావలసిన పిల్లలను గుర్తించుటకై పరీక్షలు కూర్చెను; ఆయన పోయిన వెనుక ఇతరులు వానిని పిల్లలకు ముద్రలు వేయుటకు వాడుకొనిరి. 1970 ప్రాంతముల అమెరికాదేశమున డొనాల్డు కాంబెల్ అను పండితుడు, ఏ అంకెను చూచి బహుమానమును దండనమును నిర్ణయింతుమో ఆ అంకెయే చెడుననియు, అది కొలువవలసిన పనినికూడ చెరచుననియు సూత్రము చేసెను. బళ్ళారి కాంబెలునకు ఈయన బంధువని నేను చెప్పను. పేరు కలియుట వేడుకగా నున్నది.

ఇప్పుడు తెలుగునాటికి వచ్చుచున్నాను. 2005 లో, రాష్ట్రము ఇంకను ఒక్కటిగా నుండినపుడు, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు రాష్ట్రప్రభుత్వ సహకారముతో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టిరి. కోస్తా, రాయలసీమ, తెలంగాణములలో ఐదు జిల్లాలలోని 500 పల్లెబడులను చీట్లు తీసినట్లు ఎంచి, కొన్నిట ఉపాధ్యాయులకు పిల్లల అభివృద్ధిని బట్టి బహుమానమిచ్చిరి. ఇది 1862 నాటి భూతమే మరల లేచినదని తలపవచ్చును. నేను కూడ మొదట అట్లే తలచితిని. వివరములు చదివిన పిమ్మట నా అభిప్రాయమును కొంత దిద్దుకొనవలసివచ్చెను.

ఏలయనగా ఇచ్చట ఏడాది మొదట ప్రతి బాలుని ఒకమారు కొలిచిరి. బహుమానము, తుది పరీక్షలో ఎంత వచ్చెననుదానిపై గాక, మొదటి కొలతనుండి ఎంత పెరిగెననుదానిపై ఆధారపడెను. సగటున ఐదు వంతులకు మించిన ప్రతి నూటికొక వంతు పెరుగుదలకు 500 రూపాయలు. పెరుగనిచో జీతములో కోత లేదు. ప్రశ్నలలో వల్లించి చెప్పరానివియు చేర్చిరి. మరియొక నియమము చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. మొదటి పరీక్షకు వచ్చిన బాలుడు తుది పరీక్షకు రాకున్నచో వాని పెరుగుదల సున్న యని లెక్క కట్టుదురు. అనగా గేదెను తోలుకొని పొమ్మనుటవలన పంతులుగారికి లాభము లేదు. వాడు వచ్చి రెండక్షరములు నేర్చినట్లు చూపినను అది లాభమే.

రెండేండ్ల తరువాత ఆ బడులలోని పిల్లలు లెక్కలలోను భాషలోను తక్కినవారికంటె ముందుండిరి. నూరుగురిలో సరిగా నడుమ నిలుచు బాలుడు లెక్కలలో పదిమందిని, భాషలో ఏడుగురిని దాటి ముందుకు వచ్చినట్లు ఊహించుకొనవచ్చును. బహుమానము పెట్టని విషయములు, విజ్ఞానము, సాంఘికము, అవియు వెనుకబడలేదు సరికదా, మెరుగుపడెను.

అయితే అదే పరిశోధకులు చేసిన వేరొక ప్రయత్నము గూడ చెప్పకున్న కథ సగమే చెప్పినట్లగును. కొన్ని బడులలో డబ్బు ప్రసక్తి లేకుండ పిల్లలను పరీక్షించి, ఏ బాలునికి ఏది రాదో విడమరచి వ్రాసి ఉపాధ్యాయుల చేతికిచ్చిరి. అప్పుడప్పుడు వచ్చి తరగతిని చూచిపోయిరి. ఇంతకంటె సాధువైన కొలత వేరొకటి యుండునా? ఫలము మాత్రము శూన్యము. చూచువారు వచ్చినపుడు ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధతో చెప్పిరి. పిల్లల చదువులో తేడా ఏమియు కనబడలేదు. ఈ వార్త నన్ను బాధించినది. కాని ఆశ్చర్యపరుపలేదు. ఐదవ తరగతి పంతులుగారి చేతికి, నీ పిల్లలలో ఈ పదిమందికి గుణింతములు రావు అను చీటీ ఇచ్చి, ఐదవ తరగతి పుస్తకము ఫాల్గుణములోపల ముగింపవలెనని ఆజ్ఞాపించినచో, ఆయన ఆ చీటీని ఏమి చేయును? బల్ల సొరుగులో పెట్టును. కొలత చెప్పిన పని చేయుటకు వేళ లేనిచో కొలిచియు కొలువనట్లే.

ఆ వేళను కల్పించి చూచినవారును ఉన్నారు. ప్రథమ్ అను సంస్థ పిల్లలను తరగతిని బట్టి గాక, అక్షరములవద్ద ఆగినవారు, మాటలవద్ద ఆగినవారు, వాక్యములవద్ద ఆగినవారు అని జట్లు కట్టి చెప్పు పద్ధతిని ప్రచారము చేసినది. 2012, 2013 లలో హర్యానా ప్రభుత్వబడులలో దినమునకొక గంట ఇందుకే కేటాయించి, ఆ బడుల ఉపాధ్యాయులచేతనే చెప్పించిరి. చదువుటలో వృద్ధి స్పష్టముగా కనబడినది, లెక్కలలో కనబడలేదు. కాంబెల్ చూచిన ఆ నాలుగు జట్లే ఇవి యని నాకు తోచుచున్నది. మనము దూరమైన త్రోవను తిరిగి వచ్చితిమి. 2021 లో కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ అనియు, 2022 లో తెలంగాణము తొలిమెట్టు అనియు మొదలుపెట్టిన ప్రయత్నములు ఈ దారివే. అచ్చట కొలతలు విరివిగా జరుగుచున్నవి. ఆ కాగితములు సొరుగునకు పోవుచున్నవా, ఆ గంటకు పోవుచున్నవా యని నేను ఏ ఉపాధ్యాయుని కలిసినను అడుగుచున్నాను. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుచున్నారు.

ఈ ప్రథమ్ వారే 2005 నుండి అసర్ అను పేరుతో పల్లెలలోని పిల్లల చదువును కొలిపించుచున్నారు. ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు దేశముమీద 2018 లో నూటికి 50.3 మంది. మహమ్మారి వలన బడులు మూతపడిన పిమ్మట 2022 లో 42.8 మంది. 2024 లో 48.8 మంది. అనగా నా ప్రక్కను కూర్చుండిన ఆ పిల్లవానివంటివారు నేటికిని బల్లకు ఒకరు చొప్పున ఉన్నారు.

ఆ అంకెలను వారు రాబట్టు విధానము చెప్పి నా ప్రసంగమును చాలింతును. పిల్లలను కొలుచుటకు వారు బడికి పోరు. జిల్లాకు 30 గ్రామములు, గ్రామమునకు 20 ఇండ్లు ఎంచుకొని, ఆదివారమో సెలవుదినమో చూచి ఇంటికి పోవుదురు. వారి చేతిలోని కాగితముమీద నాలుగు భాగములుండును: అక్షరములు, మాటలు, నాలుగు వాక్యముల పేరా, చిన్న కథ. ఇంటిలోని పిల్లలను ఒక్కొక్కరినే అరుగుమీద ప్రక్కను కూర్చుండబెట్టుకొని చదివింతురు. మొదట పేరా ఇత్తురు. వచ్చిన కథకు పోవుదురు, రాకున్న మాటలకు, అదియు రాకున్న అక్షరములకు దిగుదురు. పిల్లవాడు ఇంట లేకున్న, ఎచ్చటికి పోయెనని అడుగుదురు. గేదె వెంట పోయెనని చెప్పిన, వాడు వచ్చువరకు ఆ వీధిలో మరి రెండిండ్లు చూచుకొని, మరల వత్తురు.